నత్తకు టీసీ

కనకరత్నమ్మకు ఒక అనుమానం వచ్చిందంటే కోటిపాలెం డిగ్రీ కాలేజీలో ఒక సర్క్యులర్ పుడుతుందని ఆవిడకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసేసరికి ఆ కాలేజీలో చీపురు పట్టుకోవడం నేరమైంది. ప్రిన్సిపాల్ గారు దోమతెరలో కూర్చుని ఫైళ్ళు చూస్తున్నారు. ఒక నత్త బతికుందో లేదో తేల్చడానికి కమిటీ వేశారు.

అసలు ఆ వయసులో ఆవిడ కాలేజీలో చేరడమే ఒక వింత. బయాలజీ గ్రూపులో పిల్లలు చాలకపోతే గ్రూపు ఎత్తేస్తామని పైనుంచి హెచ్చరిక వచ్చింది. లెక్చరర్ హేమసుందరి ఊరంతా గాలించి, చివరికి శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల దగ్గర కనకరత్నమ్మను పట్టుకుంది. చిన్నప్పుడు బడి గుమ్మం దాటని మనిషి. పచారీ పొట్లాల మీద అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టి ఆ గ్రంథాలయంలో బీరువాలన్నీ ఖాళీ చేసేసింది. చదవడానికి ఇంకేమీ దొరక్క ఓపెన్ స్కూల్లో ఇంటర్ కూడా కట్టి గట్టెక్కింది.

"మీరేం చదవక్కర్లేదు మామ్మగారూ. తల లెక్కకి వచ్చి కూర్చోండి చాలు" అంది హేమసుందరి.

"తలకేం, ఉంది. అందులో అనుమానాలు తప్ప ఇంకేమీ లేవు మరి" అంది కనకరత్నమ్మ. హేమసుందరి దాన్ని వినయం అనుకుంది. అది హెచ్చరిక అని తెలుసుకోలేకపోయింది.

హేమసుందరి మంచి టీచరు. పిల్లలు గైడ్లు చూసి బట్టీ పడుతున్నారని ఆవిడ బాధ. అందుకని రెండో సెమిస్టర్ మొదట్లో ఒక పద్ధతి పెట్టింది. ప్రతి ఒక్కరూ ఒక ప్రాణిని ఎంచుకోవాలి. దాన్ని రోజూ చూడాలి. వారానికోసారి ఒక పేజీకి మించకుండా, చూసింది చూసినట్టు, సొంత మాటల్లో రాయాలి. వాటికి 'చిన్న రాతలు' అని పేరు పెట్టింది. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వెనక బెంచీలో కనకరత్నమ్మ చెయ్యెత్తేదాకా ఏమీ లేదు.

"అమ్మా, ఒక అనుమానం. మనం చూస్తూ ఉండగానే అది వెళ్ళిపోతే?"

క్లాసంతా నవ్వింది. హేమసుందరి కూడా నవ్వబోయింది కానీ, అదే సమయానికి గుమ్మంలో ప్రిన్సిపాల్ డాక్టర్ పాపారాయుడు గారు నిలబడి ఉన్నారు. ఆయన రౌండ్లలో ఉన్నారు. ఆయనకు సమస్యలంటే భయం లేదు. సర్క్యులర్ లేని సమస్య అంటేనే భయం.

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు.

"ఇందుమూలముగా సమస్త ప్రథమ సంవత్సర విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా, చిన్న రాతల నిమిత్తము ఎంపిక చేయబడిన ప్రాణి, సెమిస్టరు ముగియు పర్యంతము సదరు విద్యార్థిని విడనాడరాదు. విడనాడినచో అట్టి వియోగము అనుమతి లేని వియోగముగా పరిగణింపబడి, విద్యార్థి మార్కులు రద్దు కాగలవు."

కళ్ళజోడు సర్దుకుని కనకరత్నమ్మ దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంది. లోపల ఎక్కడో పొంగిపోయింది కూడా. చెప్పకుండా వెళ్ళిపోకూడదని ఇన్నాళ్ళకు ఎవరో ఒకరు రాతపూర్వకంగా ఉత్తర్వు వేశారు. ఇదేదో ముందే వేసి ఉంటే తన బతుకు వేరుగా ఉండేది అనుకుంది. ఎవరు వెళ్ళినా గుమ్మంలో ఈ కాగితం చూపించేది.

ఆవిడ జీవితంలో వీడుకోళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఎవరు వెళ్ళినా సరిగ్గా ఆ నిమిషానికి ఆవిడ అక్కడ ఉండదు. అన్నయ్య పటాలానికి వెళ్తుంటే స్టేషన్లో మరచెంబుతో నీళ్ళు పట్టడానికి వెళ్ళింది, వచ్చేసరికి రైలు కదిలిపోయింది. కూతురి అప్పగింతలప్పుడు సారె సామాన్ల గదికి తాళం చెవి కనబడక ఇల్లంతా వెతుకుతూ ఉండిపోయింది. భర్త చలపతి ఆసుపత్రిలో ఆఖరి ఊపిరి తీసుకుంటుంటే కింద మందుల షాపు దగ్గర వరసలో నిలబడి ఉంది. వరసలో తన ముందు నిలబడ్డ మనిషి చొక్కా మీద గళ్ళు ఇప్పటికీ గుర్తున్నాయి. భర్త మొహం మాత్రం ఆఖరిసారి ఎలా ఉందో తెలియదు.

అందుకని ప్రాణిని ఎంచుకునేటప్పుడు బాగా ఆలోచించింది. పిట్ట వద్దు, ఎగిరిపోతుంది. పిల్లి వద్దు, గోడ దూకుతుంది. అరటితోటలో నుంచి ఒక పెద్ద నత్తను తెచ్చి, కడిగి ఆరబెట్టిన ఆవకాయ జాడీలో పెట్టుకుంది. ఇది గనక నన్ను వదిలి వెళ్ళాలనుకుంటే, నేను ముందు కాఫీ తాగి, తరవాత వెనకాల నడిచినా అందుకుంటాను అని లెక్క వేసుకుంది.

పక్కన కూర్చునే నాగదుర్గ ఇంకా తెలివైంది. దోమను ఎంచుకుంది.

"ఏ దోమ కనబడినా నాదేనంటాను మామ్మగారండి. వెతికే పనే లేదు" అంది.

"అదెలాగే? ఏ దోమ ఎవరిదో ఎలా తెలుస్తుంది?" అంది కనకరత్నమ్మ, కాస్త గట్టిగానే. చెవులు సరిగ్గా వినబడనివాళ్ళ గొంతు అలాగే ఉంటుంది.

వరండాలో ప్రిన్సిపాల్ గారి బూట్ల చప్పుడు ఆగింది.

ఆ వారం రెండో సర్క్యులర్. ప్రతి ప్రాణికీ గుర్తింపు కార్డు ఉండవలెను. కార్డు మీద ప్రాణి పాస్‌పోర్టు సైజు ఫోటో, విద్యార్థి పేరు, లెక్చరర్ సంతకం. నత్త గుల్ల మీద కార్డు అంటించడం తేలికే. గడ్డిపోచను ఎంచుకున్న కుర్రాడు కార్డును దారంతో కట్టాడు. నాగదుర్గ మాత్రం పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ని బతిమాలి తీయించుకున్న దోమ ఫోటో పట్టుకుని కళ్ళనీళ్ళ పర్యంతం అయింది.

"మామ్మగారండీ, మీకు దండం పెడతాను. ఇకమీదట మీకు ఏ డౌటొచ్చినా నా చెవిలో చెప్పండి. గాల్లోకి మాత్రం వదలకండి."

కనకరత్నమ్మ ఒట్టు వేసింది. ఆ ఒట్టు మూడు రోజులు కూడా నిలవలేదు. ఊడ్చే మనిషి వరండా మూలలో బూజు దులుపుతుంటే, ఆ మూల సాలీడు ఎవరో పిల్లదని గుర్తొచ్చి, "అయ్యో, దులిపేస్తే ఆ పిల్ల గతేంటి?" అని అరిచేసింది. అంతే.

మూడో సర్క్యులర్ ప్రకారం కళాశాల ఆవరణలో ఊడ్చుట, దులుపుట, పిచికారీ చేయుట, గడ్డి కోయుట నిషిద్ధం. నెల తిరిగేసరికి గడ్డి మోకాళ్ళ దాకా వచ్చింది. బూజు వేలాడి నోటీసు బోర్డును మూసేసింది, దాంతో నాలుగో సర్క్యులర్ ఏమిటో ఎవరికీ తెలియలేదు. ఆఫీసులో ట్యూబులైటు పక్కన ఉండే బల్లి ఒక అబ్బాయి పేరు మీద రిజిస్టరైంది. ఆ బల్లి కిందే సూపరింటెండెంట్ అప్పలాచార్యులు గారి కుర్చీ. ఆయన పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు కంఠతా వచ్చిన మనిషి. పాపం, ఆఫీసులో గొడుగు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో కలం. ముద్ర కొట్టాల్సి వస్తే ఎవరో ఒకరు గొడుగు పట్టుకోవాలి.

దోమల సంగతి చెప్పనే అక్కర్లేదు. కొట్టడానికి లేదు, పొగ పెట్టడానికి లేదు. ప్రిన్సిపాల్ గారికి చలిజ్వరం వచ్చింది. తగ్గాక తన గదిలో దోమతెర కట్టించుకుని, బల్ల, కుర్చీ, టెలిఫోనుతో సహా అందులోనే ఉండిపోయారు. పరామర్శకు వెళ్ళిన నాగదుర్గ, "సార్, మిమ్మల్ని కుట్టింది నా దోమేనండి. కావాలంటే రాసిస్తాను" అంది. ఆ వారం చిన్న రాతలో ఆ పిల్లకు ఎక్కువ మార్కులు పడ్డాయి. 'సన్నిహిత పరిశీలన' అని ప్రిన్సిపాల్ గారు స్వయంగా పక్కన రాశారు.

ఇలా ఉండగా ఎండలు ముదిరాయి. ఒకరోజు పొద్దున్న కనకరత్నమ్మ జాడీ మూత తీసి చూస్తే నత్త లోపలికి ముడుచుకుపోయి, గుల్ల నోటికి అడ్డంగా తెల్లటి పొర ఒకటి కట్టేసుకుని ఉంది. తలుపు వేసుకుని లోపల గడియ పెట్టుకున్నట్టు ఉంది. దోసకాయ ముక్క పెట్టింది. పలకలేదు. పేరు పెట్టి పిలుద్దామంటే దానికి పేరు లేదు.

"పడుకుంది మామ్మగారూ. వేసవిలో తడి లేకపోతే నత్తలు అలాగే మూతేసుకుంటాయి. వాన పడితే లేస్తుంది" అంది హేమసుందరి.

"లేవకపోతేనో?" అనబోయి కనకరత్నమ్మ నాలుక కరుచుకుంది. నాగదుర్గ చెవి కోసం చుట్టూ చూసింది. ఆ పిల్ల క్యాంటీన్‌లో ఉంది. అనుమానం మాత్రం ఆగేలా లేదు. చివరికి హేమసుందరి చెవిలోనే గొణిగింది. "మరి బతికున్నట్టు ఏంటమ్మా రుజువు? నా మటుకు నేను పెన్షన్ కోసం ఏటా బతికే ఉన్నానని సర్టిఫికెట్ ఇచ్చుకుంటున్నాను కదా?"

ఆ మాట హేమసుందరి నవ్వుతూ స్టాఫ్ రూములో చెప్పింది. స్టాఫ్ రూములో మాట దోమతెరలోకి వెళ్ళడానికి ఎంతసేపు?

జీవ నిర్ధారణ కమిటీ ఏర్పడింది. చైర్మన్ ప్రిన్సిపాల్ గారు, మెంబరు సూపరింటెండెంట్ గారు. ఒకరు దోమతెర చివర ఎత్తిపట్టుకుని, ఒకరు గొడుగుతో, జాడీ చుట్టూ కూర్చున్నారు. లైఫ్ సర్టిఫికెట్ అన్నాక వేలిముద్ర ఉండాలని అప్పలాచార్యులు గారు పట్టుబట్టారు.

"వేలు లేదండి దానికి" అంది కనకరత్నమ్మ.

"కాలు?"

"కాలొక్కటే ఉందండి. అది లోపలుంది."

"పిలవండి."

కనకరత్నమ్మ నిజంగానే జాడీలోకి వంగి, "ఏవమ్మా, ఒకసారి కాలు బయట పెడతావా, అయ్యగార్లు వచ్చారు" అంది. అన్నాక తనకే సిగ్గేసింది. మనవరాలి వయసు పిల్లలు కిటికీలోంచి చూస్తున్నారు.

కమిటీ సాయంత్రానికి నిర్ణయం ప్రకటించింది. "సదరు ప్రాణి యందు ప్రాణము కలదని చెప్పుటకు వీలు లేదు. లేదని చెప్పుటకును వీలు లేదు. కావున తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు ప్రాణము ఉన్నట్లే భావించవలెను. హాజరు వేయవలెను." ఆ రోజు నుంచీ హాజరు పట్టీలో నత్త ఒక్క రోజు కూడా గైర్హాజరు కాలేదు. క్లాసుకు రావడం, మూసుకుని కూర్చోవడం, ఏమడిగినా పలకకపోవడం. వెనక బెంచీ కుర్రాళ్ళకు దానిమీద సొంతవాడనే అభిమానం పుట్టుకొచ్చింది.

కనకరత్నమ్మ చిన్న రాతలకే కష్టం వచ్చింది. మొదటి వారం "మార్పు లేదు" అని రాసింది. రెండో వారం "ఈ వారం కూడా మార్పు లేదు" అని రాసింది. పేజీ నింపాలంది హేమసుందరి. నింపడం మొదలుపెట్టింది. జాడీ పక్కన కూర్చుని కనిపెట్టుకుని ఉండటం గురించి రాసింది. ఆసుపత్రి వరండాలో అలాగే కనిపెట్టుకుని కూర్చోవడం గురించి రాసింది. ఒక రాత తిరిగి ఇస్తూ హేమసుందరి మెల్లగా అంది.

"బాగుంది మామ్మగారూ. కానీ ఇందులో నత్త ఎక్కడుంది? మీ ఆయన ఉన్నారు గానీ."

"నిజమేనమ్మా. ఆయన కూడా పలికేవారు కాదు" అని నవ్వేసింది కనకరత్నమ్మ. ఇంటికెళ్ళాక నవ్వు రాలేదు. గ్రూపు నిలబడటానికి తల లెక్కకని వచ్చింది కానీ, ఈ పరీక్ష గట్టెక్కాలన్న కోరిక ఎప్పుడు పట్టుకుందో ఆవిడకే తెలియదు. మొదలుపెట్టినది ఒకటైనా చివరిదాకా ఉండి చూడాలి. ఎవరూ మధ్యలో లేచి వెళ్ళకూడదు. తను కూడా.

ఆ బెంగతోనే ఇంకో రెండు అనుమానాలు జారిపోయాయి. మూల్యాంకనం రోజున ఎవరైనా ప్రాణిని మార్చేస్తే? సర్క్యులర్ వచ్చింది: ఆ దినమున ప్రాణులను స్వేచ్ఛగా ఆరుబయట ఉంచవలెను, ఎవరును ముట్టరాదు. సెమిస్టర్ అయ్యాక వాటిని ఏం చెయ్యాలి? ఇంకో సర్క్యులర్: విద్యార్థులకు వలెనే ప్రాణులకును టీసీ ఇవ్వబడును. టీసీ లేనిదే ఏ ప్రాణియు గేటు దాటరాదు. టీసీ కొరకు బాకీలు లేవని లైబ్రరీ, ఆటలు, హాస్టలు విభాగముల సంతకములు తెచ్చి, విద్యార్థి స్వయముగా ఆఫీసులో సంతకము చేయవలెను.

మూల్యాంకనం రోజు పొద్దుటి నుంచీ మబ్బు పట్టి ఉంది. ప్రయోగశాల వెనక వరండా గట్టు మీద ప్రాణులన్నిటినీ వరసగా పెట్టారు. గట్టు కిందే చిన్న గేటు. గేటు అవతల నీళ్ళు పారే పంటబోదె, దాని వెంట అరటితోట. ప్రిన్సిపాల్ గారు కుండీల దగ్గర నుంచి మార్కులు వేసుకుంటూ వస్తున్నారు. నత్త వంతు చివర.

అప్పుడు వాన పడింది. వేసవి వాన. చినుకులు దబదబా గట్టు మీద పడ్డాయి. నత్త గుల్ల తడిసింది. కనకరత్నమ్మ చూస్తూ ఉండగానే తెల్లపొర మెత్తబడింది, చిట్లింది, అందులోంచి ముందు ఒక కొమ్ము, తరవాత రెండో కొమ్ము బయటికొచ్చాయి.

"లేచిందే! దుర్గా, లేచిందే!" అని చిన్నపిల్లలా అరిచింది.

లేవడమే కాదు. నత్త ఒళ్ళు సాగదీసింది, గుల్ల సర్దుకుంది, గట్టు దిగింది. గుర్తింపు కార్డుతో సహా చిన్న గేటు వైపు బయల్దేరింది.

"మామ్మగారండీ, టీసీ!" అంది నాగదుర్గ. "టీసీ లేకుండా దాటితే మీ మార్కులు పోతాయి. మీరుండండి, సంతకాలు నేను తెస్తాను." వానలోనే పరిగెత్తింది.

లైబ్రరీలో, నత్త పేరు మీద పుస్తకాలేవీ లేవని రాయడానికి ముందు ఉన్నాయేమో చూడాలన్నారు. ఆటల విభాగంలో తాళం చెవి పట్టుకెళ్ళినాయన భోజనానికి వెళ్ళాడు. హాస్టల్లో, నత్త హాస్టల్లో లేదు కాబట్టి లేదని రాసే అధికారం తమకు లేదన్నారు. నాగదుర్గ ఒక్కొక్కరినీ బతిమాలి సంతకాలు పెట్టించుకుంటోంది. నత్త తన దారిన తాను వెళుతోంది. ఆగడం లేదు, తొందరపడటమూ లేదు. చూస్తే చూసినచోటే ఉన్నట్టు ఉంటుంది. కాసేపటికి చూస్తే ఒక ఇటుక దాటి ఉంటుంది.

ప్రిన్సిపాల్ గారు గొడుగు వేసుకుని గేటు దగ్గరికి వచ్చారు. "ఆగమనండి దాన్ని."

"మీరు ఆగమని సర్క్యులర్ ఇవ్వండి సార్. నేను చదివి వినిపిస్తాను" అంది కనకరత్నమ్మ. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఆశ్చర్యపోయింది.

"ఎత్తి జాడీలో వెయ్యండి."

"ముట్టకూడదని ఉందండి."

"ఎవరు వేశారు ఆ రూలు?"

"మీరేనండి. అడిగింది నేను."

ఇంతలో ఆఫీసు కిటికీలోంచి అప్పలాచార్యులు గారి కేక. గొడుగు బయటికి చాచి ఊపుతున్నారు. "కనకరత్నమ్మ గారూ! మొత్తం సంతకాలు అయిపోయాయి! మీ సంతకం ఒక్కటే తక్కువ! వచ్చి పెట్టెయ్యండి, అయిదు నిమిషాల పని! దాటక ముందే రండి!"

నాగదుర్గ రొప్పుతూ వచ్చి చెయ్యి పట్టుకుంది. "రండి మామ్మగారండి, ఒక్క పరుగులో వెళ్ళొచ్చేద్దాం. అది వెళ్ళేలోపే వచ్చేస్తాం. నత్తే కదా!"

కనకరత్నమ్మ ఒక అడుగు వేసింది కూడా. అయిదు నిమిషాల పని. నీళ్ళు పట్టుకు రావడం అంత పనే. తాళం చెవి వెతకడమూ అంతే. మందులు తేవడమూ అంతే. ఎప్పుడూ అంతే. అన్నీ వెళ్ళొచ్చేలోపు జరిగిపోయినవే.

వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"నేను రానే. నువ్వెళ్ళి వాళ్ళకు చెప్పు, ఈవిడకి పని ఉందని."

"మార్కులు పోతాయండీ!"

"పోతే పోనియ్యి."

చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని తడి నేల మీద గేటు పక్కన చతికిలబడింది. ప్రిన్సిపాల్ గారు గొడుగు కాస్త ఆవిడ మీదకి వంచారు. ఏ నిబంధన ప్రకారమో ఆయనకూ తెలియదు. పిల్లలు గోడ వెంట నిలబడ్డారు. అందరూ కలిసి ఒక నత్త గేటు దాటడం చూశారు. అది ముందు కొమ్ములతో ఇనుప చట్రాన్ని తడిమింది. తల అవతల పెట్టింది. ఒళ్ళు లాక్కుంది. ఆఖరికి గుల్ల, గుల్ల మీద కార్డు, కార్డు మీద దాని ఫోటో. వెనక తడిగా, తళతళలాడే దారి ఒకటి మిగిలింది.

కనకరత్నమ్మ దానితో మాట్లాడుతూనే ఉంది. కాలవ గట్టున జాగ్రత్త అంది. ఉప్పు చల్లేవాళ్ళుంటారు, ఇళ్ళ వైపు పోకు అంది. దోసకాయ చేదొచ్చిన రోజున చూసుకోలేదు, ఏమనుకోకు అంది. జీవితంలో ఎప్పుడూ చెప్పడానికి టైము దొరకనివన్నీ చెప్పేసింది. చెప్పాల్సినవి అయిపోయాక కూడా అది ఇంకా కనబడుతూనే ఉంది. ఇక చెప్పడానికేం మిగల్లేదని నవ్వొచ్చింది.

ఫలితాలు బోర్డు మీద పెట్టారు, బూజు పక్కకు తప్పించి. నాగదుర్గ ఫస్టు క్లాసు. కనకరత్నమ్మ పేరు ఎదురుగా: అనుమతి లేని వియోగము. ఆమె చివరి చిన్న రాత కూడా తిరిగి ఇచ్చారు. పక్కన ప్రిన్సిపాల్ గారి ఎర్ర సిరా: "పేజీ నిండలేదు." దాని కింద హేమసుందరి పెన్సిల్‌తో, కనబడీ కనబడకుండా, ఒక టిక్కు.

అందులో ఉన్నది ఇంతే.

"ఈ వారం మార్పు ఉంది. అది వెళ్ళిపోయింది. నేను అక్కడే ఉన్నాను."

"మళ్ళీ కడతారా మామ్మగారండి బయాలజీ?" అంది నాగదుర్గ, బయటికి నడుస్తూ.

"కట్టనా మరి. తల లెక్కకి నేను కావాలి కదే." ఆవిడ చిన్న గేటు దగ్గర ఆగింది. బోదె వైపు చూసింది. నోరు తెరవబోయి, ప్రిన్సిపాల్ గారి గొడుగు వరండాలో కనబడేసరికి మూసుకుంది. నాగదుర్గను దగ్గరికి లాక్కుని చెవిలో అడిగింది.

"ఒక అనుమానమే. ఒకవేళ అది తిరిగొస్తేనో?"